దోమతెర పెట్టె

పలాసలో జీడిపిక్కలు కొట్టే మాయమ్మ
వెదురు బద్దలకి పాత దోమతెర కుడుతోంది.

"గాజు పెట్టైతే
తన మొహమే చూసి ఇంకెవుతో అనుకుని
నల్లబడిపోద్దే ఊసరవెల్లి."
ఆమెకెవరు చెప్పారో మరి.

గిన్నెలో నీళ్ళు ముట్టదు.
ఆకుల మీద చిలకరిస్తే
ఒక్కో చుక్కా ఎతుక్కుని తాగుద్ది.

లోపల జామకొమ్మ, అడ్డంగా ఇంకోటి.
తలుపుకి పిన్నీసు.

మొన్న రాళ్ళిసిరిన గుంటలే
కిటికీ కాడ:
"రంగు మారిందా, అప్పా?"

మారింది,
ఆకుపచ్చలోంచి ఇంకో ఆకుపచ్చలోకి.

జీడి కాల్చిన మాయమ్మ వేళ్ళు మారవు.
సూది గుచ్చుకుంటే
నెత్తురు ఏ రంగో తెలీలేదు.

"కాలు మానేదాకే,
తరవాత తోటలో ఒగ్గేద్దుం"
అంటూ దారం కొరికింది.

దాని ఒక కన్ను సూది మీద.
రెండోది
అప్పుడే తోట మీద.