పుదుపేట అంచనా

క్యాలెండర్ చీటీ వెనక రాస్తున్నాడు మస్తాన్:
క్లచ్ ప్లేటు, ఆరు వేలు.
రేడియేటర్‌కి ఇంక అతుకులు ఆగవు, కొత్తదే.
ముందు చక్రాల బుష్‌లు...
"అరిగాయా?" అంటే
"ఉంటే కదమ్మా అరగడానికి" అన్నాడు.

పద్దెనిమిదేళ్ల ఆల్టో.
నిన్నొకతను ముప్పై వేలకు అడిగాడు,
టైర్లను కాలితో తన్ని చూస్తూ.
చీటీ అప్పుడే ముప్పై నాలుగు దాటింది.

ఏసీ కొట్టేయించాను. ఏప్రిల్ సంగతి ఏప్రిల్‌లో.
సైలెన్సర్ ఉంచాను.
ఆ చప్పుడు మా వీధి కుక్కలకి అలవాటే గానీ
అపార్ట్‌మెంట్ సెక్రటరీకి నిద్ర పట్టదు.

మ్యాటు ఎత్తాడు.
ఆరేళ్లపాటు బెసంట్ నగర్ ఉప్పుగాలి తినేసిన రేకు.
బ్రేకు పక్కన రూపాయి బిళ్లంత కన్నం,
అందులోంచి పుదుపేట నల్లటి ఆయిల్ మట్టి.
"వెల్డింగు. నాలుగున్నర."

వేళచ్చేరి వానలో
సీటు దాకా ఎక్కిన నీళ్లు
మర్నాడు నేను తలుపు తీసేసరికి లేవు.
ఎటు పోయాయో
ఇన్నాళ్లకి తెలిసింది.

"అదొక్కటీ ఉండనీ మస్తాన్."

పెన్సిల్ చెవి మీద పెట్టుకుని
నా వంక ఓసారి చూశాడు.
కన్నం అంచు చుట్టూ వేలితో కాస్త గ్రీజు పూశాడు.
దాన్ని మాత్రం
చీటీలో రాయలేదు.