కొంచెం అటూ ఇటూగా

అక్టోబరు. కోత అయిపోయింది.
ఎబ్రో నది సముద్రంలో కలిసే చోట
గడ్డిని బురదలోకి తొక్కేసి మళ్ళీ నీళ్ళు పెట్టారు.
వేసవంతా పచ్చగా నిలబడ్డ చేను
ఇప్పుడు నల్లగా, తీరిగ్గా కుళ్ళుతోంది.
మీథేన్ లెక్కకు అసలు కాలం ఇదే.

నాకు ఇచ్చింది మడి మధ్యదాకా ఒక చెక్క పలక దారి,
మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలు, సిరంజి, గడియారం.
పలక దిగకూడదు.
అడుగు పడితే బురద బుడగలు వదిలేస్తుంది,
పది రోజుల ఊపిరి ఒక్కసారే.
ఆ అంకె చేనిది కాదు, నా బరువుది.

సున్నా నిమిషం. పది. ఇరవై. ముప్పై.
నాలుగుసార్లు సూది గుచ్చి
నాలుగు సీసాల్లోకి ఎక్కిస్తాను
రంగూ వాసనా లేనిదాన్ని.
ఈ కుళ్ళు కంపు వేరే వాయువుది;
నేను వెతికేది ముక్కుకు చిక్కదు.

ఆర్కాదీ గట్టు మీద సైకిలు ఆపాడు.
యాభై మూడు కోతలు కోసినవాడు.
"ఎంత తేలింది, మెరిచెల్?"
"ఇంకా లేదు. ల్యాబులో తేలాలి."
"ఎన్ని డబ్బాలు?"
"తొమ్మిది."
"డెల్టా మొత్తానికా?"
"మొత్తానికే."
"కాకి లెక్క," అన్నాడు.
ఇక్కడ కాకులు కూడా తక్కువే అనబోయి ఊరుకున్నాను.

అన్నం ఉడికిందో లేదో
ఒక్క మెతుకు నలిపి చూస్తే చాలంటారు.
ఆ కుండ కింద ఒకటే మంట గనక.
ఇక్కడ ఒకచోట గడ్డి మందం, ఒకచోట ఉప్పు,
ఒకచోట ఎర్ర పీత తవ్వుకున్న బొక్క.
పక్కపక్క డబ్బాల్లో
ఒకటి నాలుగంటే ఇంకొకటి నలభై అంటుంది.
రెండూ అబద్ధమాడవు.

పోయిన గురువారం తెల్లవారేసరికి ఫ్లెమింగోలు.
రెండు వందల దాకా. అదీ అంచనాయే.
ఏడో డబ్బా చుట్టూ
ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతూ
సన్నని కాళ్ళతో బురద తొక్కుతున్నాయి, తిండి కోసం.
ఆ రోజు అంకె పట్టిక దాటి ఎగిరింది.
పొరపాటని కొట్టేశాను.
రాత్రి నిద్ర పట్టలేదు.
ఏటా వస్తాయి కదా, ఏటా తొక్కుతాయి కదా,
అలాంటప్పుడు పొరపాటు ఎవరిది?
పొద్దున్నే లేచి, కొట్టేసిన గీత పక్కనే
మళ్ళీ రాశాను, చిన్న అక్షరాల్లో.

నీళ్ళు తీసేస్తే తగ్గుతుంది.
బురదకు గాలి తగిలితే
లోపలి సూక్ష్మజీవులు నోరు మూసుకుంటాయి.
నివేదిక చివరి పుటలో నేను రాయాల్సింది ఆ ఒక్క మాటే:
ఆరబెట్టండి.
ఆ సంగతి చెబితే
ఆర్కాదీ వంగి గట్టు అంచున మట్టి గిల్లి
నా అరచేతిలో పెట్టాడు. "నాలుక మీద వేసుకో."
వేసుకున్నాను.
సముద్రం.
"మంచినీళ్ళు పైన నిలిచినంతకాలం అది కింద అణిగి ఉంటుంది.
తీసి చూడు, నెల తిరక్కుండా పైకొస్తుంది."

ఆ సముద్రం ఏటికేడు ఎందుకు లేస్తోందో
నా సీసాలకు కొంత తెలుసు.
దాన్ని అణచడానికి పెట్టిన నీళ్ళే
కింద నుంచి దాన్ని పిలుస్తున్నాయి, బుడగ బుడగగా.
ఇద్దరం పైకి అనలేదు.
ఆయన చెప్పుకి అంటిన మట్టి పుల్లతో గీక్కున్నాడు.
నేను సీసాల మూతలు మరోసారి బిగించాను,
బిగించినవే.

వెళ్ళబోతూ ఒక అంకె ఇమ్మన్నాడు,
సహకార సంఘంలో అడిగితే చెప్పడానికి.
"పన్నెండుకీ నలభైకీ మధ్య."
నవ్వుతాడనుకున్నాను.
"విత్తనం చల్లిన రోజు
దిగుబడి ఎంతని మా ఆవిడ అడిగితే
నేనూ అలాగే చెబుతాను," అన్నాడు.
సైకిలు గొలుసు చప్పుడు చాలా దూరం వినబడింది.

పెట్టె భుజాన వేసుకుని తిరిగి వస్తుంటే
మసక వెలుగులో పలక అంచు తప్పింది.
మోకాలి దాకా.
చుట్టూ గుప్పున బుడగలు,
ఒకదాని వెంట ఒకటి, ఆగి, మళ్ళీ ఒకటి.
కాలు లాక్కోలేదు వెంటనే.
జేబులోంచి పెన్సిలు తీశాను:
సాయంత్రం ఆరూ పన్నెండు.
నేను. ఒక అడుగు.