చూద్దాం అనేవాడు

విన్నెముక్కాలో పెట్రోలు బంకు వెనక గది,
రాత్రి రెండున్నర.
నా చేతిలో రెండు రాజులు:
ఒకడు ఇస్పేటు, ఒకడు డైమను.

ఎదురుగా ఆర్విల్, గొర్రెల లారీ నడిపేవాడు.
ఏ ముక్క వచ్చినా పారేయడు.
"చూద్దాం" అంటాడు, నోట్లు ముందుకి తోస్తాడు.
పక్కన డెల్ఫీన్, ఉల్లి పకోడీల జిడ్డు వేళ్లతోనే
"నేనూ చూస్తా."

రీనోలో నేర్చిన తెలివి చెవిలో గొణిగింది:
బలం దాచు, నీరసం నటించు, వల పన్ను.
ఎవరికి వల?
గంపలోకి తనే దూకే చేపకా?
నా మొహం వీళ్లు చదవరు,
తమ ముక్కలే సరిగ్గా చదవరు.
బెదిరిద్దామంటే బెదురన్నదే లేదు.

అందుకే, ధర చెప్పి సరుకమ్మినట్టు
నలభై డాలర్లు పెట్టాను.
డెల్ఫీన్ కూడా చూసింది.
మళ్లీ తొంభై.
ఆమె పకోడీల వైపు తిరిగిపోయింది.
"చూద్దాం," అన్నాడు ఆర్విల్, ఈసారి కాస్త ఆగి,
చొక్కా జేబులోంచి మడతలు తీస్తూ.
మడతల్లో ఒక మందుల చీటీ.
దాన్ని మాత్రం తిరిగి జేబులో పెట్టుకున్నాడు.

చివరి ముక్క కళావరు రెండు. ఎవరికీ కొరగానిది.
అతని ముందు ఇంకో అరవై.
అడిగితే ఇస్తాడు.
అదే కదా చిక్కు.

లెక్క ప్రకారం అడగాలి.
అడిగాను.

తిప్పితే, ఒక రాణి, ఒక అయిదు.
"చూశాను కదా!" నవ్వుతూ లేచాడు,
ఖాళీ జేబు తడుముకుంటూ.

ఇస్పేటు రాజు నన్నే చూస్తున్నాడు.
డైమను రాజు, ఒంటికన్నువాడు,
అటు తిరిగి ఉన్నాడు.