తొంభై ఎనిమిదితోనే

జనవరి.
ఒర్సాలో సరస్సు గట్టిపడి, దాని మీద ట్రాక్టర్లు తిరుగుతున్నాయి.
గ్యారేజీలో కట్టెల పొయ్యి రాజేసి
ఇనుముకు చలి వదిలేదాకా
చేతులు చంకల్లో పెట్టుకుని కూర్చుంటాను.
ఎదురుగా స్టాండు మీద బిగ్‌బ్లాక్,
నాలుగొందల యాభైనాలుగు ఘనపుటంగుళాల ఖాళీ.
ఎనిమిది బావులు. ఒక్కదాంట్లోనూ చుక్క లేదు.

ఇంకా ఒక్క బోల్టూ బిగించలేదు.
బిగించేది ఏప్రిల్లో.
ఇప్పుడంతా కాగితం, పెన్సిలు, రబ్బరు.
రబ్బరే ఎక్కువ అరుగుతోంది.

సిక్స్‌టెన్ వస్తాడు, బూట్ల మంచు నా నేల మీదే దులుపుతాడు.
"పన్నెండు పౌండ్ల గాలి ఎక్కించు గున్నెల్,
రేసు పెట్రోలు డ్రమ్ము నేను తెప్పిస్తా."
డ్రమ్ముతో కొన్న బలం
డ్రమ్ము గుంజకే కట్టేసి ఉంటుంది సిక్స్‌టెన్,
పలుపు ఎంత పొడుగుంటే అంతే మేత.
నేను మూరా రోడ్డులో, కిరాణా కొట్టు పక్క పంపు దగ్గర
పాలవ్యాను వెనకాల వరసలో నిలబడి
ఊరంతా పోయించుకునేదే పోయించుకుని
నార్వే సరిహద్దుదాకా పోవాలి.
అక్కడ దొరికేది తొంభై ఎనిమిది ఆక్టేన్.
ఆ బియ్యానికి తగ్గ ఎసరే పెట్టాలి.

కాబట్టి పిస్టన్లు నడినెత్తిన పళ్ళెంలా తవ్వినవి,
పోతపోసినవి కావు, సమ్మెట దెబ్బలు తిన్నవి.
కంప్రెషన్ ఎనిమిది. సూపర్‌చార్జర్ గాలి ఆరు పౌండ్లు.
ఎనిమిది మీద ఆరు కూర్చుంటే పదకొండుంపావు.
కాగితం మీద అది గుణకారం,
సిలిండరులో కాపురం.
ఎవరో ఒకరు తగ్గాలి.
పై రింగు కొసలు రెండూ కాస్త ఎడంగా,
వేడెక్కితే ఇనుమైనా ఒళ్ళు చేస్తుంది.
నిప్పురవ్వకు పిలుపు రెండు డిగ్రీలు ఆలస్యంగా.

పెన్సిళ్ళు పెట్టుకునే ఈ గిన్నె
పాత ఇంజినులో ఏడో పిస్టను.
అడుగున బొటనవేలంత చిల్లు.
పొట్టి పెన్సిలు అందులోంచి జారి బల్లను గుచ్చుతుంది.
ఆ జులై మధ్యాహ్నం, ఎగువ రోడ్డు మీద
నెలలు నిండకుండానే లోపల మంట పుట్టింది.
అలా పుట్టిన మంట
డబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టు గలగలమంటుంది.
పక్క సీట్లో మైబ్రిట్ "అదేం చప్పుడు?" అంది.
"ఏ చప్పుడు?" అన్నాను.

నిజంగానే అడిగాను.

ముప్పై ఒక్కేళ్ళు రంపపుమిల్లులో.
సన్నని శబ్దాలు ఒక్కొక్కటే చెప్పకుండా సెలవు పెట్టాయి.
ముందు కీచురాయి,
తర్వాత చూరు నుంచి జారే మంచు బొట్లు,
ఆ తర్వాత గులకరాళ్ళు.
లావుపాటివే మిగిలాయి. బిగ్‌బ్లాక్ మీద మోజు అందుకే అనుకోవద్దు,
అది పదహారో ఏటి జబ్బు.

"అందరూ తొమ్మిది పెడుతున్నారు," అంటాడు సిక్స్‌టెన్,
"ఇదే పంపు, ఇదే పెట్రోలు. నీకెందుకు ఎనిమిది?"
వాళ్ళు వింటూ నడుపుతారు, అన్నాను.
గలగలమనగానే కాలు తీస్తారు.
ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య ఆ ఒక్క అంకె
నేను వినలేని దానికి ముందుగా కట్టే సుంకం.
ఇదంతా పైకి అన్నానో, మొదటి ముక్కే అన్నానో.
ఆపైన క్యామ్ గురించి, బెల్టు వెడల్పు గురించి
చాలాసేపు చెప్పుకుపోయాను.

సిక్స్‌టెన్ నన్ను చూడ్డంలేదు. నా వెనక్కి చూస్తున్నాడు.
లేచి వెళ్ళి
పొయ్యి మీది కెటిల్ దించాడు.
కిటికీ అద్దం నిండా ఆవిరి.
ఎంతసేపటి నుంచి ఈలవేస్తోందో అది.

తిరిగొచ్చి నా రబ్బరు తీసుకున్నాడు.
కాగితం మీద ఆరు చెరిపి
అయిదు వేశాడు.
"గాలి తగ్గాలంటే పైన పెద్ద పుల్లీ కావాలి" అన్నాడు
మామూలు కంటే కొంచెం గట్టిగా,
"కొనకు. నా దగ్గరొకటుంది."