పదిహేనో మనిషి

నారిన్ ఊరి బయట, పొద్దున్నే
బస్సు మెట్టు మీద నిలబడి
బెగిమాయ్ మమ్మల్ని లెక్కపెడుతుంది.
చూపుడువేలు గాల్లోనే ఒక్కో తలనీ తడుతుంది
బిర్, ఎకి, ఉచ్...
ఒన్ తోర్త్.
పద్నాలుగు. తలుపు మూసుకుంటుంది.

ఆరు రోజులుగా మేం ఒక అంకె.
బెల్జియం నుంచి పళ్ళ డాక్టరు యోరిస్, ఆయన భార్య.
ప్రతి రాయినీ ఫోటో తీసి
ఆ రాయికే తలవంచే జపాన్ పెద్దాయన.
ఒకరితో ఒకరు మాట్లాడుకోని పోలండ్ అక్కచెల్లెళ్ళు.
నేను పదకొండు. కిటికీ సీటు.

కాగితం మీద అంతా ఉంది.
తొమ్మిదింటికి కనుమ. పదకొండింటికి తేనె అంగడి.
ఒంటిగంటకి స్థానిక కుటుంబంతో భోజనం.
ఆ తర్వాత ఇరవై నిమిషాలు స్వేచ్ఛ,
అందులో పదిహేను మరుగుదొడ్డి వరసలోనే.

అత్‌బాషీ దాటాక
రోడ్డు పక్కన ఒక ముసలామె. చెయ్యి ఊపలేదు.
బస్సు ఆగడం ఎండ కాయడమంత మామూలన్నట్టు
ఊరికే నిలబడింది.
డ్రైవర్ సపర్‌బెక్ ఆపేశాడు.
బెగిమాయ్ గట్టిగా ఏదో అంది.
అతను అద్దంలో టోపీ సర్దుకున్నాడు.

చేతిలో తాడు, చంకలో గుడ్డ మూట,
గొర్రెబొచ్చు వాసన, పొగ వాసన.
నా పక్కన కూర్చుని మూట విప్పి
తెల్లటి ఉండ ఒకటి నా చేతిలో పెట్టింది.
కురుత్. ఎండిన పెరుగు. రాయి. ఉప్పు.
నోరు తెరిచి, కింది పన్ను ఒకటి వేలితో తట్టి చూపించింది.
నమలకు, పన్ను విరుగుతుంది అంటోందనుకున్నాను.
బుద్ధిగా బుగ్గన పెట్టుకున్నాను.

"అపా" అంటున్నారు ఆవిణ్ణి.
మా అప్పకి ఒక ఒత్తు దూరం.

అపా మాట్లాడుతూనే ఉంది.
రెండు వాగులు, ఒక గోరీల దిబ్బ దాటినా ఆగలేదు.
తిష్, తిష్ అంటోంది మాటిమాటికీ.
ఏమంటోంది, అని యోరిస్ అడిగాడు.
మైకులో బెగిమాయ్ అంది:
"మీ అందరికీ స్వాగతం అంటోంది."

ఉన్నట్టుండి అపా సపర్‌బెక్ భుజం మీద చరిచింది.
బస్సు తారు దిగి గడ్డి మీదకి పోయింది.
కాగితంలో లేని చోటు.
బూడిదరంగు ఆడగుర్రం, దాని చుట్టూ ఇంకో ఇరవై.
కుబాత్ అనే మనిషి గుర్రం మీంచి దిగకుండానే
ఇది నాది, అన్నాడు. అయిదేళ్ళది.
తొమ్మిదేళ్ళది, నాది, అంది అపా.
అనువాదం అక్కర్లేదు. వేళ్ళు చాలు.

దానమిచ్చిన గొడ్డుకి పళ్ళు పట్టి చూడకూడదంటారు మాలో.
తప్పిపోయినదానికి చూడొచ్చు.
అందరూ యోరిస్ వైపు తిరిగారు.
ముప్పై ఏళ్ళు మనుషుల నోళ్ళలో బతికినవాడు
తన జేబు లైటు తీసి, చొక్కా చేతులు మడిచి,
అలవాటు కొద్దీ, "కాస్త నోరు తెరువమ్మా" అన్నాడు
వాళ్ళ ఫ్లెమిష్‌లో, గుర్రంతో.

వయసు నాకు తెలీదు, అన్నాడు చాలాసేపటికి.
కానీ కింద ఎడమవైపు ఒక పన్ను
సగానికి విరిగి ఉంది. పాత దెబ్బ.

అపా ఏమీ అనలేదు. నా వైపు చూసి
తన కింది పన్ను మళ్ళీ తట్టుకుంది. ఎడమవైపు.
కుబాత్ టోపీ తీసి తల గోక్కున్నాడు.

గుర్రం మాత్రం అంత తేలిగ్గా రాలేదు.
రెండుసార్లు వెనక్కి, ఆ మందలోకే చూసింది.
తాడు బిగిసింది, వదులైంది,
వాళ్ళిద్దరూ చిన్నగా అయిపోయారు.

భోజనం చల్లారింది. రాతి సత్రం చేరేసరికి చీకటి.
డబ్బు వాపసు అడుగుదామంటూ
పోలండ్ అక్క చెల్లెలితో మాట్లాడింది, మొదటిసారి.

బస్సులో అంతసేపూ ఏం చెప్పింది ఆవిడ?
బెగిమాయ్‌ని అడిగాను, చేతులు కడుక్కునే చోట.
"మీలో పళ్ళు చూసేవాళ్ళెవరైనా ఉన్నారా అని.
అతిథుల్ని ఎలా అడగను? సిగ్గేసింది."
చల్లటి నీళ్ళు మొహాన కొట్టుకుంది.

కురుత్ ఇంకా కరగలేదు.