సున్నపు తేట

శనివారం షట్టర్ దించి పోయాం.
సోమవారం పొద్దున తీస్తే
అద్దాల పెట్టెలో సముద్రం
బియ్యం కడిగిన నీళ్లలా ఉంది.

నల్లకుంటలో, కూరగాయల మార్కెట్ వెనక,
రెండో అంతస్తులో పళ్ల ఆసుపత్రి నాది.
ఇక్కణ్ణుంచి ఏ ఒడ్డుకు పోవాలన్నా
రాత్రంతా రైల్లో కూర్చోవాలి.
అయినా వెయిటింగ్ రూములో నాలుగడుగుల సముద్రం పెట్టుకున్నాను,
ట్యాంకర్ నీళ్లు వడగట్టి, సంచుల్లో వచ్చే ఉప్పు కలిపి.
డ్రిల్లు చప్పుడుకు వణికే పిల్లలు
చేపను చూస్తూ నోరు తెరుస్తారని.

మీటరు ముంచాను.
ఎనిమిది పాయింట్ తొమ్మిది.
నమ్మలేదు. కొనను కడిగి,
దాని ద్రావణంలో దాన్ని సరిచూసి, మళ్లీ ముంచాను.
అదే.

ఎస్తేరు తలుపు దగ్గరే నిలబడిపోయింది.
"బొట్టు ఆగిపోయిందని
పోయేముందు కుళాయి జర్ర వదులు చేసిన మేడమ్."
జర్ర.
రాత్రికి రెండు గ్లాసులు దిగాల్సిన సున్నపు తేట
డబ్బా డబ్బా దిగిపోయింది.
అద్దాలమీద, గొట్టాలమీద తెల్లటి పెచ్చు.

పగడం ఒళ్లు కట్టుకునేది సున్నంతోనే.
పన్నూ ఇంచుమించు అంతే.
ఇరవై ఆరేళ్లుగా నా పోరంతా పులుపుతో:
చింతకాయ, కూల్‌డ్రింకు, నిద్రలో ఎగదన్నే పైత్యం.
పులుపు తిన్న పంటికి ఏం చేయాలో
నిద్రలో అడిగినా నా చేతులు చెబుతాయి.
ఇది రెండో వైపు.
ఈ వైపు నేనెప్పుడూ నిలబడలేదు.

వెనిగర్ సీసా మూత తీశాను. పోసేదాన్నే.

మొదటి నంబరు దస్తగిరి గారిది,
శంకర్ మఠ్ దగ్గర పాన్ డబ్బా ఆయనది.
బుగ్గలో సున్నం కాల్చిన మచ్చ చూపించుకోవడానికి వచ్చి
నా చేతిలోని సీసా చూశాడు.
"ఒక్కసారే పోయకండి డాక్టరమ్మా.
ఆకులో సున్నం ఎక్కువైతే కడుగుతామా?
ఇంకో వక్క ముక్క వేసుకుని
మెల్లగా నములుతాం."

మూత పెట్టేశాను.
తేట గొట్టం పీకేశాం.
ఎస్తేరు కిందికి పోయి సోడాలు తెచ్చింది,
ఉప్పూ నిమ్మా లేని ఉత్త సోడా.
బకెట్టు నీళ్లలో కలిపి,
గంటకో గ్లాసు, పంపు మూతి దగ్గర.
అంతకంటే తొందరపడితే చేపల మొప్పలు ఓర్వవు.

గాలి మోటారును కుర్చీల మధ్యకు జరిపాం.
కిటికీలు మూశాం.

సోమవారం కదా, నిండిపోయింది గది.
జ్ఞానదంతం వాచిన కోచింగ్ కుర్రాడు,
కట్టుడు పళ్లు రుమాల్లో చుట్టుకొచ్చిన రిటైర్డ్ కండక్టరు,
ఒకమ్మ ఒడిలో ఏడ్చి ఏడ్చి ఎక్కిళ్లు పడుతున్న పిల్ల.
ఉక్క.
భయంతో వాళ్లు వదిలే పెద్ద పెద్ద ఊపిర్లను
మోటారు పీల్చుకుని
బుడగలు చేసి నీళ్లకిస్తోంది.

పన్నెండింటికి ఎనిమిది పాయింట్ ఏడున్నర.
మూడింటికి ఆరు.

పని అయిపోయినవాళ్లను కూడా
"జర్ర కూసోండ్రి" అని ఆపింది ఎస్తేరు.
ఎందుకో చెప్పలేదు.
తన డబ్బుల్తో చాయ్ తెప్పించింది,
దవడ మొద్దుబారినవాళ్లకు కూడా.
కండక్టరు మాత్రం అడిగాడు:
"ఎవరి కోసం ఆగాలమ్మా?"

రాత్రి లైటు ఆర్పేసరికి నాలుగు.
కొమ్మ పగడం ఒక పక్కంతా తెల్లబడింది,
ఆ పక్క ఇక రాదు.
గుండీ పగడాలు రెండు మాత్రం
మూతి సగం తెరిచి చూశాయి.

ఆయన బుగ్గకు మందు రాసి
ఆరు వారాలు సున్నం ముట్టొద్దన్నాను.
ఎర్రగా నవ్వాడు దస్తగిరి.
"మీరు ఆపుతారా?"
పగడం పెరుగుతున్నంత కాలం ఎలా ఆపుతాను.

మర్నాడు వచ్చేసరికి
డబ్బా కుళాయి మీద
గులాబీ రంగు గోళ్ల పాలిష్ చుక్క.
ఇంతవరకే, అని.
ఎస్తేరు గోళ్లకు
ఎప్పుడూ రంగు చూడలేదు నేను.