కత్తెర

నా వంటింట్లో కత్తెర ఉంది,
కత్తిపీట లేదు.
మడివాళలో మూడేళ్ళుగా
పాకెట్ మూల కత్తిరించడం,
నీళ్ళు మరిగించడమే వంట.

ఇవాళ తోపుడుబండి రత్నవ్వ
"ఎష్టు జనక్కమ్మా?" అంటే
ఒక్కదానికేనన్నాను.
తూకం మీద ఇంకో లేత బీరకాయ పడేసింది.

పక్కింటి చాకుతో చెక్కు తీసి
చిన్న ముక్క కొరికాను, చేదేమోనని.
ఎన్నాళ్ళయిందో
కూరగాయని ముందుగా పలకరించి!
పాకెట్లతో ఆ బెంగ లేదు,
రుచి వాటి వీపు మీదే అచ్చయి వస్తుంది.

ఉప్పు తగ్గింది. పోపు మాడింది.
చాకు కోసం వచ్చిన పక్కింటి పిల్ల
గుమ్మంలో ముక్కు ఎగబీల్చి
"ఆంటీ, ఏం చేశారు?" అంది
వచ్చిన పని మరిచి.

రెండో కంచం నా దగ్గర లేదు.
గిన్నె మూత తిరగేసి వడ్డించాను.
పైన కొత్తిమీర,
కత్తెరతోనే.